నలభై ఒక్కమంది శ్రోతలు

గురువారం పొద్దున్నే వసీలా పంజరం మీది తెల్లగుడ్డ తీసేసరికి రయీస్ కింద పడి ఉన్నాడు.

కాళ్లు ముడుచుకుపోయాయి. ఎర్రటి మొహం గింజల గిన్నెకు ఆనుకుని ఉంది. రెక్క మీది పసుపు పట్టీ మాత్రం ఎప్పటిలాగే మెరుస్తోంది. ఆమె చూపుడువేలు ఊచల మధ్యనుంచి పోనిచ్చి రొమ్ము మీద పెట్టింది. చల్లగా తగిలింది.

వెనక బల్ల మీద మైకు సిద్ధంగా ఉంది. కిటికీ తలుపులు మూసి ఉన్నాయి. ఫ్రిజ్ తీగ పీకి ఉంది. గోడ గడియారంలోంచి బ్యాటరీ తీసి ఉంది. ఆరేళ్లుగా ప్రతి గురువారం ఇదే వరస. పాటలో మరో చప్పుడు కలవకూడదు.

రికార్డర్ మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తోంది.

"రెద్వాన్!"

తమ్ముడు నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు. పంజరం చూశాడు. బ్రష్షు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పిల్లి పట్టిందా?"

"కాదు. వయసు."

"నిన్న సాయంత్రం కూడా పాడాడు కదక్కా! నేను మెట్ల మీదినుంచే విన్నాను."

"పంతొమ్మిది మలుపులూ పాడాడు," అంది వసీలా. "ఒక్కటీ తప్పలేదు."

ఆమె రికార్డర్ ఆపింది. పోయింది పిట్ట ఒక్కటే కాదని ఇద్దరికీ తెలుసు.

రయీస్‌లాంటి మక్నీన్ పిట్ట పాటతో పుట్టదు. గూడు దిగిన మొదటి ఏడాది పక్క పంజరంలోని ముసలిపిట్ట ఏది పాడితే అది నేర్చుకుంటుంది. మరుసటి వసంతానికి గొంతు గట్టిపడుతుంది. ఆ తర్వాత చచ్చేదాకా అదే పాట. అందులో ఒక్క పిచ్చుక కూత కలిసినా, ఒక్క తలుపు కిర్రుమన్నా పిట్ట చెడిపోయినట్టే లెక్క. అల్జీర్స్ రేవులో క్రేన్ నడిపిన వాళ్ల నాన్న మొక్రాన్ తరచూ ఒక మాట అనేవాడు: "పాట పిట్టది కాదమ్మా, పక్క పంజరానిది."

రయీస్ పాట పేరు పాత రేవు పాట. ఒకప్పుడు వాళ్ల పేట బాబ్ ఎల్ ఉయెద్‌లో ప్రతి మేడ మీదా వినిపించేది. తర్వాత కొత్తరకం గొలుసుపాటల మోజు వచ్చింది. చురుగ్గా, పొడుగ్గా, ఊపిరి తీయకుండా సాగే పాటలు. పాత రేవు పాటను ముసలాళ్ల పాటన్నారు. ఒక్కో పంజరం ఖాళీ అయింది. చివరికి మిగిలింది రయీస్ ఒక్కడే.

నాన్న పోయిన నలభయ్యో రోజున వసీలా పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది. అప్పుడే తమ్ముడి ముందు మాట ఇచ్చుకుంది. పదేళ్లు. ప్రతి శుక్రవారం. ఒక్కటీ తప్పకుండా. అరగంట మాటలు, చివర పది నిమిషాలు రయీస్ పాట. ప్రతిసారీ ఆఖరున ఒకే మాట చెప్పేది: "మీ పిల్లపిట్టను తీసుకురండి. రయీస్ పక్కన పెట్టండి. మా తలుపు తీసే ఉంటుంది."

ఆరేళ్లలో ఆ తలుపు ఒక్కరూ తట్టలేదు.

అయినా వసీలా పాడ్‌కాస్ట్ ఆపలేదు. జ్వరంలో చేసింది. నూట రెండో భాగం భూమి కంపించిన రోజున చేసింది. ఒరాన్‌లో పెద్ద మందుల షాపు నుంచి ఉద్యోగం వస్తే, రయీస్‌కి ఆ ఊరి గాలి పడదని వదిలేసుకుని ఇక్కడే కౌంటర్‌లో దగ్గు మందులు అమ్ముకుంటూ ఉండిపోయింది. శ్రోతలు మొదటి ఏడాది తొమ్మిదిమంది. మూడో ఏడాదికి ముప్పై. ఇప్పుడు నలభై ఒక్కమంది. వాళ్లెవరో తెలియదు. ఒక్క వ్యాఖ్య లేదు, ఒక్క ఉత్తరం లేదు. కాదు, ఒకటి వచ్చింది. పేరు లేకుండా, రెండేళ్ల కిందట: "కొంచెం తక్కువ మాట్లాడు."

"అక్కా, ఇక మూసేయ్," అన్నాడు రెద్వాన్. అతనికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. అంకెలు చూసేది అతనే. "ఎన్నోసార్లు చెప్పాను. ఆ నలభై ఒక్కమందీ మనుషులు కాదు. ఏవో యంత్రాలు. మనిషైతే నీ మాటలు కాస్తయినా వింటాడు. వీళ్లు తిన్నగా చివరి పది నిమిషాలకి దూకుతారు. దాన్నే పొద్దున ఆరు నుంచి పొద్దుగూకేదాకా తిప్పి తిప్పి వేస్తారు. రోజుకి డెబ్భైసార్లు! ఏ మనిషి వింటాడు చెప్పు?"

"ఏమో. పిచ్చివాళ్లుంటారు."

"ఈ ఇంట్లో ఒకరున్నారు. ఇంకో నలభై ఒక్కమంది ఊళ్లో ఉంటే ఈపాటికి తెలిసేది."

ఆమె పిట్టను నాన్న చేతిరుమాల్లో చుట్టింది.

"రేపు పిట్టల పోటీ ఉంది కదా," అంది. "అక్కడికి వెళ్తాను. అందరి ముందూ చెప్తాను, పాత రేవు పాట అయిపోయిందని. అది రికార్డు చేసి చివరి భాగంగా వేస్తాను. ఆ తర్వాత మూసేద్దాం."

"మగాళ్ల కాఫీ హోటల్ అక్కా అది. ఒక్క ఆడమనిషి కూడా ఉండదు."

"నువ్వు తోడొస్తున్నావుగా."

* * *

ఏటా ఏప్రిల్ మొదటి శుక్రవారం, నమాజుకు ముందే, మూడు గడియారాల కూడలి వెనక ఉన్న కాఫీ హోటల్లో మక్నీన్ పోటీ జరుగుతుంది. పొద్దున ఎనిమిదికే కుర్చీలు నిండిపోయాయి. గోడల పొడుగునా ముప్పై నాలుగు పంజరాలు, అన్నిటిమీదా గుడ్డలు. పిట్టలు ఒకదాని పాటలో ఒకటి గొంతు కలపకూడదు, ఒకదాన్నొకటి చూడకూడదు. అందుకని పిలిచేదాకా గుడ్డ తీయరు. చీకట్లో ఉన్న పిట్ట పాడదు.

వసీలా ఖాళీ పంజరం చేత్తో పట్టుకుని లోపలికొచ్చింది. మాటలు ఆగిపోయాయి.

"ఎవర్రా ఈవిడ?"

"మొక్రాన్ కూతురు. మందుల షాపులో ఉంటుంది."

"పంజరం ఖాళీగా ఉందేంటి? పిట్ట కొనుక్కోడానికొచ్చిందా?"

టాక్సీ నడిపే జెల్లూల్ గట్టిగా నవ్వాడు. రెండేళ్లుగా పోటీ గెలుస్తున్నది అతనే. "అమ్మాయ్, ఇది సంత కాదు. మీ నాన్న ముసలిపాట ఇక్కడెవరూ వినరు. దాన్ని పెట్టుకుని మీ మేడమీద నిద్రపో. జోలపాటకి బాగుంటుంది."

నలుగురైదుగురు నవ్వారు. రెద్వాన్ మెడ ఎర్రబడింది. వసీలా అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

న్యాయనిర్ణేత స్లిమాన్ మూల బల్ల దగ్గర జపమాల తిప్పుతూ కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. మొక్రాన్‌తో నలభై ఏళ్లు వాదించినవాడు. 'నీ పిట్ట పాటలో ఉప్పు లేదు' అని మొక్రాన్ మొహమ్మీదే అనేవాడు.

"బాబాయ్," అంది వసీలా. "రయీస్ నిన్న పోయాడు. నాకు రెండు నిమిషాలిస్తే ఒక మాట చెప్పి వెళ్లిపోతాను."

జపమాల ఆగింది. ముసలాయన మొహంలో రంగు పోయింది. అంత కదులుతాడని ఆమె అనుకోలేదు.

"పోయాడా?"

"నిన్న పొద్దున."

ఆయన జపమాల బల్ల మీద పెట్టేశాడు. "పోటీ అయ్యాక చెబుదువుగాని," అన్నాడు. "కూర్చో. ఒరేయ్, అమ్మాయికి కాఫీ."

కాఫీ గాజుగ్లాసులో వచ్చింది. ఆమె రికార్డర్ బల్లమీద పెట్టి మీట నొక్కింది.

పోటీకి ఒక ఆచారం ఉంది. గుడ్డ తీసేముందు యజమాని నిలబడి పిట్ట గురువెవరో అందరికీ వినపడేలా చెప్పాలి. గురువు బతికున్న పిట్ట అయి ఉండాలి. యంత్రం దగ్గర నేర్చిన పిట్టంటే ఈ ఊళ్లో ఎంత చులకనో చెప్పక్కర్లేదు. అలాంటిది పెంచినవాడితో కాఫీ కూడా తాగరు.

మొదట జెల్లూల్ లేచాడు. పంజరం నడిగోడ మేకుకు తగిలించాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఈసారి కొత్త పిట్ట. దీని గురువు మా తాత పెంచిన వంశం పిట్ట. బ్లీదా కొండల్లో మా మావయ్య ఇంట్లో ఉంది. ఆ పాట ఇప్పుడీ ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు."

గుడ్డ లాగాడు.

పిట్ట తల ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పింది. గొంతు ఉబ్బింది. పాడింది.

వసీలా చేతిలోని గ్లాసు వంగి కాఫీ అంతా ఒళ్లో ఒలికింది. ఒళ్లు కాలిన సంగతి కూడా తెలియలేదు.

మొదటి మలుపు. క్రేన్ తాడు బిగిసినట్టు సాగే ఆ సన్నటి ఈల. రెండోది, గిలక తిరిగినట్టు. మూడోది, పడవ పక్కకు నీళ్లు తగిలినట్టు. నాలుగు. ఐదు. నిన్న రుమాల్లో చుట్టి మేడ మీద మొక్క కుండీలో పాతిపెట్టిన పిట్ట అక్కడ, జెల్లూల్ పంజరంలో కూర్చుని పాడుతోంది.

"అక్కా," అన్నాడు రెద్వాన్. "అక్కా, ఇది..."

"ఉష్."

పద్దెనిమిది. పంతొమ్మిది. పాట ముగిసింది. ఒక్క క్షణం ఆగింది.

టింగ్. టింగ్. టింగ్.

స్లిమాన్ చటుక్కున తలెత్తాడు. "ఎవడ్రా గ్లాసు కొట్టింది?"

సప్లయర్ రెండు ఖాళీ చేతులూ పైకెత్తి చూపించాడు. "నేను కాదు బాబాయ్. దేవుడి మీద ఒట్టు."

"మళ్లీ పాడనివ్వండి."

పిట్ట మళ్లీ పాడింది. ఈసారి అందరూ దాని గొంతే చూస్తున్నారు. పంతొమ్మిదో మలుపు. ఆగింది. ముక్కు తెరిచింది. టింగ్, టింగ్, టింగ్.

"చెడ్డస్వరం," అన్నాడు స్లిమాన్. "పంజరం దించు."

"చెడ్డస్వరమా?" జెల్లూల్ కేక పెట్టాడు. "అది అరుదైన ముగింపు బాబాయ్! వెండిగంట! మా తాత చెప్పేవాడు, వందేళ్లకొక పిట్టకి వస్తుందని!"

"మీ తాత గాడిదలు కాసేవాడురా. నాకు తెలుసు. దించు."

హోటలంతా గొల్లుమంది. జెల్లూల్ పళ్లు కొరుకుతూ పంజరం దించాడు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు కొళాయిలు బాగుచేసే ఫుదైల్. తర్వాతి వంతు అతనిదే.

"దీని గురువు కాన్‌స్టాంటీన్‌లో ఉంది," అన్నాడు ఫుదైల్. "వంతెన పక్క ఇంట్లో. నేను రైల్లో వెళ్లి మూడు నెలలు అక్కడే ఉంచి నేర్పించాను."

గుడ్డ తీశాడు.

తాడు. గిలక. నీళ్లు. పంతొమ్మిది మలుపులు.

టింగ్. టింగ్. టింగ్.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మూడోవాడు పంజరం తగిలించాడు కాని, గురువు పేరు చెప్పేటప్పుడు గొంతు వణికింది. తెనెస్ రేవులో ఒక ముసలి జాలరి పిట్ట అన్నాడు. అది పాడింది. టింగ్, టింగ్, టింగ్. నాలుగోవాడు లేవనేలేదు. కుర్చీలోనే కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. "నా పిట్టకి ఒంట్లో బాలేదు," అన్నాడు. ఐదోవాడు పంజరం చంకలో పెట్టుకుని తలుపువైపు నడిచాడు.

"తలుపు మూయండి!" స్లిమాన్ లేచి నిలబడ్డాడు. ఆ వయసులో అంత గొంతు ఉందని ఎవరికీ తెలియదు. "ఎవరూ కదలొద్దు. అన్ని గుడ్డలూ తీయండి."

"అన్నీనా? ఒకేసారా? బాబాయ్, ఆచారం..."

"అన్నీ!"

ముప్పై నాలుగు గుడ్డలు దిగాయి. కాసేపు రెక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత కిటికీ పక్క పిట్ట అందుకుంది. దాని పక్కది కలిసింది. ఆ తర్వాత గోడలు గోడలే పాడాయి. తాడు మీద తాడు, గిలక మీద గిలక. కొత్తరకం గొలుసుపాట పాడే ఏడెనిమిది పిట్టలు ఆ వరదలో మునిగిపోయి నోరు మూసుకున్నాయి. ఒక్కో పాట ఒక్కో చోట ముగుస్తుంటే హోటలంతా టింగు టింగుమని, వందమంది కాఫీ కలుపుతున్నట్టు మోగింది.

మగాళ్లు బొమ్మల్లా నిలబడిపోయారు. ఎవరూ ఎవరివైపూ చూడటం లేదు.

ఆ చప్పుడు వసీలాకు తెలుసు. అది నాన్నది. రయీస్ ఒక్క తప్పు లేకుండా పాట ముగించినప్పుడల్లా నాన్న చెంచాతో కాఫీ గ్లాసు మీద మూడుసార్లు కొట్టేవాడు. శభాష్ అన్నమాట. ఆయన పోయాక ఆ పని ఆమె చేస్తోంది. ప్రతి గురువారం. మైకు ముందే. ఫ్రిజ్ ఆపింది, గడియారం ఆపింది, ఊపిరి బిగబట్టింది. ఆరేళ్లలో మూడు వందల పన్నెండుసార్లు గ్లాసు కొట్టింది. ఒక్కసారి కూడా అది చప్పుడని తోచలేదు.

"అక్కా," అన్నాడు రెద్వాన్ ఆమె చెవిలో. అతని కళ్లు పంజరాల మీదినుంచి కదలడం లేదు. "యంత్రాలు కాదక్కా. పంజరాలు."

పొద్దున ఆరు నుంచి పొద్దుగూకేదాకా. రోజుకి డెబ్భైసార్లు. చివరి పది నిమిషాలు.

"అమ్మాయ్," స్లిమాన్ పిలిచాడు. పిట్టలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. "ఆ చప్పుడేంటో నీకు తెలుసా?"

ఆమె బల్ల మీది చెంచా తీసింది. ఖాళీ గ్లాసు మీద మూడుసార్లు కొట్టింది.

గోడల మీది పిట్టలన్నీ ఒక్కసారిగా తలలు అటు తిప్పాయి.

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత హోటలంతా కేకలతో దద్దరిల్లింది.

"నీదా! నీ పనా ఇది!" జెల్లూల్ బల్ల మీద గుద్దాడు. "నా పిట్టని నాశనం చేశావు! ఏడాది కష్టం! గింజలు ఒక్కొక్కటీ ఏరి పెట్టాను దానికి!"

"నువ్వు బ్లీదా కొండల్లో నేర్పించావు కదా జెల్లూల్," అన్నాడు రెద్వాన్. "మా అక్క ఎప్పుడొచ్చింది మీ మావయ్య ఇంటికి?"

జెల్లూల్ బల్ల మీదినుంచి చెయ్యి తీసేశాడు.

"అంటే నువ్వూ అదే వేశావా?" ఫుదైల్ అతనివైపు తిరిగాడు. "దొంగా! కిందటేడు నన్ను యంత్రంగాడని ఎగతాళి చేశావే!"

"నువ్వు కాన్‌స్టాంటీన్ రైలెక్కావు కదరా! టిక్కెట్టు చూపించు!"

"నేను నా పిట్టకి ఒక్కదానికే వచ్చిందనుకున్నాను ఆ గంట," అన్నాడు తెనెస్ రేవు గురువున్నవాడు, దాదాపు ఏడుపు గొంతుతో. "మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"నేనూ అంతే."

"నేనూ."

వసీలా వాళ్లను చూస్తూ ఉండిపోయింది. ఆరేళ్లు. వీళ్లే. రొట్టెల కొట్టు దగ్గర, మందుల షాపులో, మెట్ల దారిలో రోజూ ఎదురయ్యే మొహాలు. ఫుదైల్ ఆమె దగ్గరే దగ్గు మందు కొంటాడు. పలకరిస్తే ఎక్కడ బయటపడతామోనని ఒక్కడూ నోరు విప్పలేదు. ఒకడి సంగతి ఇంకొకడికి తెలియదు. ఒక్కొక్కడూ తలుపులు వేసుకుని, ఫోను పంజరం కింద దాచి, ఆమె మాటలు దాటేసి, ఆ పది నిమిషాలు తిప్పుకున్నాడు. ఇన్నాళ్లూ ఇంట్లోనే దాచుకుని, గొలుసుపాటల మోజు తగ్గిన ఈ ఏడే పోటీకి తెచ్చాడు.

"సరే," జెల్లూల్ గుడ్డ విసురుగా పంజరం మీద కప్పాడు. "చెడిపోయిన పిట్ట చెడిపోయినట్టే. ఇది పోటీకి పనికిరాదు, గురువుగానూ పనికిరాదు. రేపే సంతలో ఇచ్చేస్తాను. ఆ ముసలిపాట జోలికి ఇక వస్తే నన్ను చెప్పుతో కొట్టండి."

"నాదీ అంతే."

కుర్చీలు జరిగాయి. మేకుల మీదినుంచి పంజరాలు దిగడం మొదలైంది.

వసీలా లేచింది. ఆమెకు ఇప్పుడు అర్థమైంది. నిన్న రయీస్ పోయినప్పుడు పాట పోలేదు. పోతున్నది ఇప్పుడు. ఈ గదిలోంచి, ఈ తలుపు దాటి, ఒక్కో పంజరంలో.

"ఆగండి!" అంది. "పాట మీకు నచ్చిందా లేదా?"

పంజరాలు దించుతున్న చేతులు ఆగాయి.

"జెల్లూల్ అన్నా, నిన్నే అడుగుతున్నాను. జోలపాటని నవ్వావు. మరి నీ పిట్టకి ఎందుకు వేశావు? ఊళ్లో ఎన్ని గొలుసుపాటలు లేవు?"

జెల్లూల్ గడ్డం గోక్కున్నాడు. నేలవైపు చూశాడు. "ఆ తొమ్మిదో మలుపు ఉంది చూడు," అన్నాడు నెమ్మదిగా. "అది... ఇంకే పాటలోనూ లేదు. అది వింటే నాకు బండి పక్కకి ఆపి కూర్చోవాలనిపిస్తుంది."

ఒకరిద్దరు తలలూపారు.

"నా దగ్గర మూడు వందల పన్నెండు రికార్డులున్నాయి," అంది వసీలా. "గ్లాసు చప్పుడు పాట అయ్యాక, విడిగా వస్తుంది. రెద్వాన్, తీసేయగలవా?"

"ఒక్కపూట పని."

"అయితే వచ్చే శుక్రవారానికి శుభ్రమైన పాట వస్తుంది. ఈ ఏటి పిల్లపిట్టలు ఇంకో నెలలో గూళ్లు దిగుతాయి. మళ్లీ మొదలుపెట్టొచ్చు. కాని ఒక షరతు." ఆమె రికార్డర్ చేత్తో పైకెత్తింది. ఎర్రదీపం వెలుగుతోంది. "నేను పదేళ్లన్నాను. ఇంకా నాలుగేళ్లున్నాయి. ఇక పాడటానికి నా దగ్గర పిట్ట లేదు. మాట్లాడటానికి మీరున్నారు. ఒక్కొక్కరూ వచ్చి ఇందులో మీ పేరు చెప్పండి, పిట్ట పేరు చెప్పండి. దీని గురువు రయీస్ అని చెప్పండి. అంతే."

కాఫీ యంత్రం బుస్సుమంది. ఎవరో దాన్ని ఆపేశారు.

ముప్పై మంది మగాళ్లు ఆ చిన్న యంత్రాన్ని పామును చూసినట్టు చూస్తున్నారు. అందులో పేరు చెబితే ఊరంతా వింటుంది. యంత్రం దగ్గర నేర్పించాడని, అందరి ముందూ అబద్ధపు ప్రమాణం చేశాడని శాశ్వతంగా ఉండిపోతుంది. ఫుదైల్ అడుగు ముందుకు వేసి మళ్లీ వెనక్కి తీశాడు. జెల్లూల్ తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. ఇంకొక్క క్షణం దాటితే మొదటివాడు బయటికి నడుస్తాడు, మిగతావాళ్లు వెనకే పోతారు. వసీలా చెయ్యి దించలేదు.

"ఇలా తే," అన్నాడు స్లిమాన్.

ఆమె అర్థంకానట్టు చూసింది.

"చెవుడొచ్చిందా అమ్మాయ్? ఆ యంత్రం ఇలా తే."

ముసలాయన రికార్డర్ తీసుకుని నోటి దగ్గర తలకిందులుగా పెట్టుకున్నాడు. రెద్వాన్ వచ్చి సరిగ్గా తిప్పాడు.

"నా పేరు స్లిమాన్ బెన్ అమర్. ఈ ఊళ్లో ముప్పై ఏళ్లుగా పిట్టలకి తీర్పు చెబుతున్నాను. నా ఇంట్లో ఒక పిట్ట ఉంది. పేరు మొక్రాన్." ఆయన ఆగాడు. "దాని గురువు రయీస్. అది కూడా గ్లాసు కొడుతుంది. మూడేళ్లుగా కొడుతోంది. అందుకే ఎవరికీ చూపించలేదు."

జెల్లూల్ చెయ్యి గడియ మీదినుంచి జారింది. పోటీకి తీర్పరి! మొక్రాన్ పిట్ట పాటలో ఉప్పు లేదన్న స్లిమాన్!

"బాబాయ్," అంది వసీలా. "మీరు... మొదటినుంచీ వింటున్నారా?"

"నీ శ్రోతల్లో మొదటివాణ్ణి నేనే. మీ నాన్న బతికుండగా ఆ పాట బాగుందని ఒక్కసారీ అనలేదు. నలభై ఏళ్లు వాదించిన మనిషితో ఎలా అంటాను?" ఆయన జపమాల జేబులో పెట్టుకున్నాడు. "ఇంకో సంగతి. రెండేళ్ల కిందట నీకో ఉత్తరం వచ్చింది కదా."

"కొంచెం తక్కువ మాట్లాడు..."

"అది కూడా నేనే. ఇప్పటికీ అదే మాట మీదున్నాను."

నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు. సప్లయర్ దగ్గరో, ఫుదైల్ దగ్గరో. గదంతా పాకింది. జెల్లూల్ నవ్వలేదు. అతను పంజరం మళ్లీ మేకుకు తగిలించి, జుట్టు సవరించుకుని, ఫోటోకి వచ్చినవాడిలా వచ్చి నిలబడ్డాడు.

"జెల్లూల్. టాక్సీ. పిట్ట పేరు బులుట్. గురువు రయీస్." గొంతు తగ్గించాడు. "మా మావయ్యకి బ్లీదాలో పిట్టలు లేవు. కోళ్లున్నాయి."

వెనక వరస కట్టారు. ఒక్కొక్కరూ పేరు చెబుతుంటే మిగతావాళ్లు వెనకనుంచి అరుస్తున్నారు. "రైలు టిక్కెట్టు సంగతి కూడా చెప్పరా!" "జాలరి పేరేంట్రా, తెనెస్ జాలరి పేరు?" ఆమె ఆపలేదు. అంతా రికార్డు కానిచ్చింది. నమాజు వేళయ్యేసరికి ఇరవై ఆరుమంది అయ్యారు.

"మిగతావాళ్లు వేరే పేటల్లో ఉంటారు," అన్నాడు రెద్వాన్. "వింటారు."

వసీలా రికార్డర్ దగ్గరికి వంగింది. మూడు వందల పదమూడో భాగం ముగించాలి. ఆరేళ్లు గోడతో మాట్లాడింది. ఇప్పుడు గోడకి మొహాలొచ్చాయి.

"రయీస్ గురువారం పొద్దున పోయాడు," అంది. "ఇదిగో, వినండి."

జెల్లూల్ గుడ్డ తీశాడు. బులుట్ పాడాడు. ఎవరూ కుర్చీ కదపలేదు. తొమ్మిదో మలుపు దగ్గర జెల్లూల్ కళ్లు మూసుకున్నాడు. పంతొమ్మిదోది వచ్చింది. ఒక్కటీ తప్పలేదు.

వసీలా చెయ్యి దానంతట అదే బల్ల మీది చెంచా అందుకుంది.

"వద్దు!" ముప్పైమంది ఒక్కసారిగా అరిచారు.

చెంచా గాల్లోనే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, నడిగోడ మీద, బులుట్ గొంతు ఉబ్బింది.

టింగ్. టింగ్. టింగ్.